మిరియాల చారు, మంగళవారం మాత్ర

జూన్ 8, ఆదివారం

ఈ డైరీ చదవబోయే మహానుభావులకు ముందుగా సాష్టాంగపడి క్షమాపణ. మహానుభావులంటే నేనే. దీనికి రచయిత, పాఠకుడు, విమర్శకుడు, పరుపు కింద దాచే కాపలాదారు, అందరూ శశాంక్ అనే ఈ ఇరవై ఆరేళ్ళ నిరుద్యోగే. అయినా పద్ధతి పద్ధతే. రాబోయే పేజీల్లో మిరియాలకు జరగబోయే అన్యాయానికి క్షమాపణ. పసుపు నెత్తిన పడబోయే బరువుకు క్షమాపణ. శొంఠికి, లవంగాలకు, వాటి కోసం ఓడలు కట్టుకుని సముద్రాలు దాటొచ్చిన తెల్లోళ్ళకు కూడా క్షమాపణ. ఇందులో నా తప్పేమీ ఉండబోదు కాబట్టే ఇంత ధారాళంగా చెప్పగలుగుతున్నాను.

సంగతేమిటంటే, ఇవాళ నాన్న వంటింట్లోకి వెళ్ళాడు. మంచినీళ్ళ కోసం కాదు. పని చేయడానికి.

నాన్న, అంటే శ్రీ విద్యాసాగర్, తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన కనబడితే కాచిగూడ నుంచి ముషీరాబాద్ దాకా కిరాణా కొట్ల త్రాసులు వాటంతట అవే సరిగ్గా నిలబడేవని ప్రతీతి. ఆ ప్రతీతికి మూలం కూడా ఆయనే. పళ్ళెం కింద అయస్కాంతం అంటించినా, తూకం రాయి అడుగున చెక్కేసినా పట్టేసేవాడట. రిటైరైన రోజు ఆఫీసు వాళ్ళు శాలువాతో పాటు చిన్న ఇత్తడి త్రాసు ఒకటి ఇచ్చారు. ఇన్నాళ్ళూ షోకేసులో ఉంది. ఇవాళ దిగింది.

కారణం అమ్మ చేతులు. అమ్మకు కీళ్ళవాతం. రెండేళ్ళ నుంచి. పొద్దున లేస్తే వేళ్ళు కొయ్యబారిపోయి ఉంటాయి, ముడుచుకోవు. అయినా తెల్లారేసరికి స్టవ్ దగ్గర ఉంటుంది. పచ్చడి సీసా మూత రాకపోతే నన్ను పిలుస్తుంది. నేను తీసి ఇస్తాను. ఇంటి పనిలో నా వాటా అది. ఎవరూ కాదనలేరు.

మొన్న శుక్రవారం నారాయణగూడలో డాక్టరమ్మ దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. వారానికోసారి, ప్రతి మంగళవారం వేసుకోవాల్సిన మాత్ర ఒకటి అంతకు నెల ముందే మొదలుపెట్టింది ఆవిడ. నాన్న మాత్రం ఫోన్‌కు వచ్చిన వీడియోలన్నీ చూసి పరీక్షకు తయారైనట్టు తయారై వచ్చాడు.

"మేడమ్, ఈమెకు ఇమ్యూనిటీ పెంచాలె గద?"

"అయ్యో, పెంచొద్దు సార్. ఈ జబ్బు ఇమ్యూనిటీ తక్కువై రాలేదు, దానికి తిక్క పుట్టి వచ్చింది. కాపలాకు పెట్టిన కుక్క ఇంటివాళ్ళనే కరుస్తున్నట్టు అనుకోండి. ఈ మాత్ర దాన్ని కట్టేయడానికి."

"మరి పసుపు, మిరియాలు?"

"కూరలో, చారులో శుభ్రంగా వేసుకోండి. మంచివే, రుచి కూడా. కానీ మాత్ర మాత్రం..."

ఆ 'కానీ' దగ్గర నాన్న లేచి నమస్కారం పెట్టేశాడు.

బయటికొచ్చి ఆటో ఎక్కుతూ, "విన్నవారా? శుభ్రంగా వేసుకోమన్నది," అన్నాడు.

"తర్వాత ఇంకేదో అన్నది నాన్నా."

"డాక్టర్లు తర్వాత ఏదో ఒకటి అంటనే ఉంటరు. అలవాటు."

ఇవాళ పొద్దున తీర్మానం ప్రకటించాడు. మూడు నెలలు మాత్ర బంద్. వంటిల్లు ఆయన చేతికి. దినుసులన్నీ తూకం ప్రకారం. "మన పెద్దోళ్ళ వైద్యం మంచిదే రా. కొలతలు లేక చెడ్డపేరు వచ్చింది. చిటికెడంటరు, గుప్పెడంటరు. ఎవని చిటికె? ఎవని గుప్పెడు?"

అమ్మ వెంటనే "సరే" అంది. ముప్పై రెండేళ్ళ కాపురంలో నాన్న మాటకు అమ్మ ఇంత తొందరగా సరే అన్న దాఖలా లేదు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. మా కోచింగ్ సిలబస్‌లో లేదు.

కుక్క సంగతి నాకు అర్థమైంది. చెప్పొచ్చు. కానీ నాన్న గరిటె ఎలా పట్టుకుంటాడో చూడాలన్న కోరిక సత్యం మీద గౌరవాన్ని ఓడించింది. కాబట్టి నేనేం చేయలేదు.

జూన్ 10, మంగళవారం

కాచిగూడ హోల్‌సేల్ కొట్టు నుంచి సరుకు దిగింది. కొట్టాయన నాన్నను గుర్తుపట్టి తూకానికి పైన ఇంకో గుప్పెడు వేశాడట. నాన్న ఆ గుప్పెడు వాపసు ఇచ్చి వచ్చాడట. "ఎక్కువ తూగినా దొంగ తూకమే."

చారు పెట్టడానికి పొద్దంతా పట్టింది. మిరియాలు త్రాసులో వేస్తాడు, ఒక గింజ తీస్తాడు, మళ్ళీ ఆ గింజే వేస్తాడు. చింతపండు తూచాడు. కరివేపాకు తూచాడు. నీళ్ళు తూచబోతే అమ్మ హాల్లోంచి, "నీళ్ళు గిలాసతోని పొయ్యండి, తెల్లారిపోతది," అని అరిచింది.

సాయంత్రం అలవాటు ప్రకారం కవాడిగూడ హనుమంతుడి గుడికి వెళ్ళాడు. మాత్ర అవసరం లేకుండా చెయ్యి స్వామీ అని మొక్కుకున్నాడట.

చారు బాగుంది. ఈ వాక్యం ఎవరికీ చూపించను.

జూన్ 11, బుధవారం

అమ్మకు పొద్దున్నుంచి వికారం. ఒంట్లో విషం బయటికి పోతోందట. సమాచారం: నాన్న.

జూన్ 14, శనివారం

అమ్మ పగటిపూట కుర్చీలో కూర్చుంది. కాళ్ళు బల్ల మీద పెట్టి. టీవీలో ఏదో సీరియల్ మధ్యాహ్నం మళ్ళీ వేస్తారట. అది చూస్తోంది. ఇరవై ఆరేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. అమ్మ మోకాళ్ళు మడిచి కాక చాపి కూర్చుంటే ఎలా ఉంటుందో ఇవాళే తెలిసింది. వేరే ఊరి నుంచి వచ్చిన చుట్టంలా ఉంది.

వంటింట్లో రోలు చప్పుడు. నాన్న శొంఠి దంచుతున్నాడు. ఆ చప్పుడు మొదలైనప్పుడల్లా అమ్మ టీవీ సౌండ్ కాస్త తగ్గిస్తోంది. సీరియల్ కంటే అది ఎక్కువ బాగున్నట్టుంది.

జూన్ 18, బుధవారం

అమ్మకు వికారం. విషం ఇంకా మిగిలి ఉందట.

జూన్ 25, బుధవారం

విషం. చాలానే ఉన్నట్టుంది.

జులై 3, గురువారం

ఆరోగ్యమే మహాభాగ్యం. రేపటి నుంచి ఇందిరా పార్కులో వాకింగ్ చేయాలని నిశ్చయించుకున్నాను. ఇది పూర్తిగా ఆరోగ్య కారణాల వల్ల. మా పై అంతస్తు హారతి పొద్దున్నే అక్కడ నడుస్తుందన్న విషయానికీ దీనికీ సంబంధం లేదు.

హారతి కూడా నాలాగే అశోక్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షల కోచింగ్ బాపతు. సెంట్రల్ లైబ్రరీలో మేమిద్దరం ఒకే బల్ల. తేడా ఒక్కటే, తను పుస్తకం చదువుతుంది. వాళ్ళది ఏలూరు వైపు, తాతల నాడు వచ్చి చిక్కడపల్లిలో స్థిరపడ్డారు. వాళ్ళమ్మ అన్నపూర్ణ గారు ఇంట్లో లెక్కల ట్యూషన్ చెప్తారు. సాయంత్రమైతే మా నెత్తి మీద ఇరవైమంది పిల్లలు ఎక్కాలు చదువుతూ గంతులేస్తుంటారు. ఆవిడకూ అమ్మ జబ్బే, అమ్మ డాక్టరమ్మే. మా రెండిళ్ళ మధ్య స్నేహం మెట్ల మీద కాదు, నారాయణగూడ వెయిటింగ్ హాల్లో పుట్టింది.

జులై 4, శుక్రవారం

వాకింగ్‌కు వెళ్ళలేదు.

పోయినేడు పోలీసు ఉద్యోగం మీద మనసు పడి పరుగు బూట్లు కొన్నాను. ఉద్యోగం మీద నుంచి మనసు లేచిపోయింది, బూట్లు డబ్బాలోనే ఉండిపోయాయి. పొద్దున ఆ డబ్బా తీసి మూత తెరిచాను. ఎడమ బూటులో కాగితాలు కుక్కి ఉన్నాయి. కుడి బూటులో మాత్రలు. మంగళవారం మాత్రలు. ఒక పట్టీలో సగం ఖాళీ అయిపోయి ఉంది.

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"నువ్వు ఆ డబ్బా తీస్తవని నేను ఏడు జన్మలల్ల అనుకోలేదురా," అంది.

"అమ్మా, దేవుడి లాంటి మాత్రను చెప్పుల్లో పెడ్తవా?"

"అవి చెప్పులెట్ల అయితయ్? నేలకు తగిలినయా ఎన్నడన్న? మన ఇంట్ల దేవుని అర్ర తర్వాత అంత మడి జాగ అదే."

కూర్చున్నాం. అమ్మ మెల్లగా చెప్పింది. ఒక్క వారం కూడా ఆపలేదట. డాక్టరమ్మకు ఫోన్ చేసి మాట్లాడుతూనే ఉందట. రక్త పరీక్షలు కూడా బట్టల కొట్టు పేరు చెప్పి వెళ్ళి చేయించుకుందట. మంగళవారం నాన్న గుడికి వెళ్ళగానే మాత్ర. బుధవారం వికారం. అంతే, విషం కథ.

"మరి నాన్నకు చెప్పొచ్చు గదా?"

"ఏమని? చారు తోటి కాదు, మాత్ర తోటి తగ్గుతుందని చెప్పాల్నా? చెప్తే రేపొద్దుగాల రోలు అటు, ఆయన ఇటు. మళ్ళ నేను స్టవ్ కాడ." చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. "మీ నాన్న వంటింట్లకు రావాలంటే నా కీళ్ళు పోవాల్సొచ్చిందిరా. ఇప్పుడు మాత్ర పనిచేస్తుందని చెప్పి ఆయనను నేనే బయటికి పంపాల్నా?"

వంటింట్లోంచి నాన్న గొంతు. "విజయా! ధనియాలు ఏయించినంక తూచాల్నా, ఏయించక ముందు తూచాల్నా?"

"రెండుసార్లు తూచండి!" అని అమ్మ కేకేసి, నా వైపు చూసి నవ్వింది. అమ్మ కొంటెగా నవ్వగలదని నాకు తెలియదు.

డబ్బా మూత పెట్టి ఉన్నచోటే పెట్టాను. నేనేం చేయలేదు.

జులై 8, మంగళవారం

సాయంత్రం నాన్న గుడికి వెళ్ళాక బాల్కనీలో నిలబడి వీధి చివరి దాకా చూస్తూ ఉన్నాను. వీధి చూడటం నేరం కాదు.

జులై 22, మంగళవారం

వీధి చూశాను.

ఆగస్టు 6, బుధవారం

రిపోర్టు వచ్చింది. నాన్న స్వయంగా నారాయణగూడ తీసుకెళ్ళి చేయించిన రక్త పరీక్ష. వాపు అంకె బాగా దిగింది. అమ్మ ఇవాళ పెరుగు డబ్బా మూత తనే తీసుకుంది. ఇంటి పనిలో నా వాటా అంతరించే ప్రమాదం కనిపిస్తోంది.

నాన్న రిపోర్టును రెండు చేతులతో పట్టుకుని హాల్లో నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు. "రెండు గ్రాముల మిరియం రా! రెండు గ్రాములు!"

అమ్మ నేల చూపులు చూస్తోంది. నేను ఫ్యాను చూస్తున్నాను. సత్యానికి మా ఇంట్లో చూడటానికి ఏమీ మిగల్లేదు.

ఆగస్టు 10, ఆదివారం

ప్రవక్త బయల్దేరాడు. ఇందిరా పార్కు బెంచీల మీద కూర్చునే పెద్దమనుషులందరికీ రిపోర్టు చూపించాడు. చిన్న చిన్న పొట్లాలు కట్టి పంచుతున్నాడు, ప్రతి పొట్లం తూచి. పసుపు, మిరియం, శొంఠి, జీలకర్ర. ఉచితం. మోకాళ్ళ నొప్పాయనకు ఇచ్చాడు, ఆయాసం ఆయనకు ఇచ్చాడు, ఏ జబ్బూ లేని ఆయన మొహమాటపడి ఒకటి తీసుకున్నాడు.

"మాత్రలు బంద్ చెయ్యమని కూడా చెప్తున్నవా నాన్నా?" అని అడిగాను.

"నేనెందుకు చెప్త? మా ఆమె బంద్ చేసిందని చెప్తున్న. ఉన్నది ఉన్నట్టు చెప్పుడే గద."

ఉన్నది ఉన్నట్టు. అవును.

ఆగస్టు 15, శుక్రవారం

అన్నపూర్ణ గారు దిగి వచ్చారు. జెండా వందనం లడ్డూ తెచ్చారు, పొట్లం అడిగారు.

"అన్నయ్యగారూ, నాకా మాత్ర పడట్లేదండీ. బుధవారం వస్తే ఒకటే కడుపులో తిప్పుడు. మీ వైద్యం చూద్దామని."

"శుభ్రంగా చూడండి," అన్నాడు నాన్న, డాక్టరమ్మ గొంతుతో.

ఆవిడ అమ్మ వైపు తిరిగారు. "నిజంగా పూర్తిగా మానేశారా విజయశ్రీ గారూ? ఒక్కటి కూడా వేసుకోవట్లేదా?"

అమ్మ లడ్డూ చేతిలో పట్టుకుని నిలబడింది. నాన్న ఎదురుగా ఉన్నాడు. రోలు వంటింట్లో ఉంది.

"ఆయననే అడగండి," అంది అమ్మ.

నాన్న చెప్పాడు. చాలాసేపు చెప్పాడు.

లడ్డూ నేను తిన్నాను. ఆ రోజు నేను చేసిందేమైనా ఉంటే అది.

ఆగస్టు 26, మంగళవారం

పైన పిల్లల గోల లేదు. రేపు చవితి. సెలవులేమో.

ఆగస్టు 29, శుక్రవారం

పైన గోల లేదు. చవితి సెలవులు ఇంకా అయిపోలేదేమో. వీధిలో మండపం మైకు ఎలాగూ ఉంది కాబట్టి లోటు తెలియడం లేదు.

నాకు తెలియడం లేదు. అమ్మ రెండుసార్లు పైకప్పు వైపు చూసింది.

ఆగస్టు 31, ఆదివారం

లైబ్రరీ మెట్ల మీద హారతి. పుస్తకం మూసేసి ఉంది. అది చూసే భయమేసింది నాకు.

"మా అమ్మ మాత్రలు మానేసింది, తెలుసా?"

"ఏదో విన్నాను."

"చాక్‌పీస్ పట్టుకోలేకపోతోంది. మణికట్టు ఇంత లావైంది. పిల్లల్ని పంపించేసింది. నేను మాత్ర వేసుకోమ్మా అంటే, విజయశ్రీ గారికి తగ్గలేదా, నేను కొలత తప్పుతున్నానేమో, మిరియాలు ఇంకాస్త వేస్తా అంటోంది." పుస్తకం పక్కన పెట్టేసింది. "శశాంక్, మీ అమ్మగారికి నిజంగా వాటితోనే తగ్గిందా?"

ఇప్పుడు చెప్పాలి. ఒక్క వాక్యం. కర్త, కర్మ, క్రియ. 'మా అమ్మ మాత్ర ఆపలేదు.' నోట్లో దాకా వచ్చింది. నేను చెబితే అది మెట్లెక్కి అన్నపూర్ణ గారి దగ్గరికి పోతుంది, మెట్లు దిగి నాన్న దగ్గరికి వస్తుంది, రోలు ఆగిపోతుంది, అమ్మ మళ్ళీ స్టవ్ దగ్గరికి.

"మా నాన్న వంట తిన్నవాళ్ళకు జబ్బు కంటే పెద్ద సమస్యలుంటాయి," అన్నాను.

హారతి నవ్వలేదు. "మీ నాన్నగారిని చూసి భలే నవ్వుతారు మీరు. ఆయన కనీసం అరవై దాటాకైనా వంటింట్లోకి వెళ్ళారు. మీరు ఎన్నో ఏట వెళ్దామనుకుంటున్నారు?"

'మీరు' అంది. రెండేళ్ళుగా 'నువ్వు'.

ఇందులో నా తప్పేముంది? నేనేం చేయలేదు కదా.

సెప్టెంబర్ 2, మంగళవారం

నాన్న గుడికి వెళ్ళాడు. నేను బాల్కనీలోకి వెళ్ళాను. అమ్మ మాత్ర కోసం రాలేదు. చెప్పులేసుకుని పైకి వెళ్ళింది.

కాసేపటికి దిగి వచ్చింది.

"ఆమె చెయ్యి చూసినవారా?"

"లేదు."

"చూసి రాపో. నేను నోరు తెరిస్తే అయిపోయేది ఆ దినం. నాకు కూసొనుడు తీపయింది."

నా గదిలోకి వెళ్ళి బూట్ల డబ్బా తీసింది. మాత్రల పట్టీ పట్టుకెళ్ళి వంటింటి గట్టు మీదున్న ఇత్తడి త్రాసు పళ్ళెంలో పెట్టింది. రెండో పళ్ళెం పైకి లేచి ఊగుతోంది. కుర్చీ తెచ్చుకుని దాని పక్కనే కూర్చుంది.

నాన్న వచ్చాడు. ప్రసాదం చేతిలో ఉంది. త్రాసు చూశాడు.

"ఇదేంది విజయా?"

"మంగళవారం మాత్ర. ఒక్క వారం కూడా ఆపలే."

"మరి నా చారు?"

"అది కూడా తాగిన. ఒక్క పూట కూడా పారబొయ్యలే. మంచిగుంటది."

నాన్న ప్రసాదం గట్టు మీద పెట్టాడు. మళ్ళీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఎక్కడ పెట్టాలో తెలిసినట్టు లేదు. "ఎందుకు చెప్పలే?"

"చెప్తే మీరు వంటింట్లకెళ్ళి బయటికి వస్తరు."

"ఊరందరి దొంగ తూకాలు పట్టిన," అన్నాడు నాన్న. కేకలేస్తే బాగుండేది. మామూలుగా అన్నాడు. "నా ఇంట్ల, నా త్రాసు ముందల, మూడు నెలలు."

"దొంగ తూకమే. నేనే చేసిన, కాదంటలేను. పైన అన్నపూర్ణ గారు చెయ్యి లేపలేకుండున్నరు, ఆ పాపం నాది." అమ్మ ఆగింది. "కానీ ముప్పై రెండేండ్లు ఈ వంటింట్ల బరువంతా ఒక్క దిక్కే ఉండె. అప్పుడు మన ఇంటికి ఇన్‌స్పెక్షన్ ఎందుకు రాలే?"

నాన్న ఖాళీ పళ్ళెం వైపు చూశాడు. నా దగ్గర ఒక జోకు ఉంది. మొదటిసారి దాన్ని బయటికి రానివ్వలేదు.

సెప్టెంబర్ 3, బుధవారం

పొద్దున నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని పైకి వెళ్ళాడు. మెట్ల మీద నుంచి విన్నాను.

"అన్నపూర్ణ గారూ, నేను మీకిచ్చింది చారు పొడి. మందు కాదు. మా ఆమె మాత్ర ఆపలేదు. నాకు నిన్ననే తెలిసింది. మీరు ఇవాళే డాక్టరమ్మకు ఫోన్ చెయ్యాలె. నా ముందల చెయ్యాలె."

"అయ్యో, మీ తప్పేముందండీ అన్నయ్యగారూ. నేను మాత్రం డాక్టరమ్మని ఒక్క మాట అడిగానా? వికారం తప్పితే చాలనుకున్నాను."

హారతి ఫోన్ కలిపింది. డాక్టరమ్మ అవతల నుంచి ఏమందో వినబడలేదు కానీ, నాన్న మాత్రం ఈసారి 'కానీ' తర్వాత కూడా చివరి దాకా నిలబడి విన్నాడు. పరీక్ష చేయించి మళ్ళీ మొదలుపెడతారట. వికారానికి వేరే ఉపాయం ఉందట. అడిగితే మొదట్లోనే చెప్పేదట.

అక్కడి నుంచి ఇందిరా పార్కుకు. బెంచీ బెంచీకి తిరిగి పొట్లాలు వాపసు అడిగాడు. అందరికీ అదే మాట, 'మా ఆమె మాత్ర ఆపలేదు, మీరూ ఆపకండి.' ఒకాయన మాత్రం పొట్లం ఇవ్వనన్నాడట. చేపల పులుసులో అద్భుతంగా ఉందట.

సెప్టెంబర్ 4, గురువారం

త్రాసు షోకేసులోకి వెళ్ళిపోయింది. నాన్న పేపరు చదువుతున్నాడు. నిన్నటి పేపరు.

అమ్మ తెల్లారేసరికి స్టవ్ దగ్గర ఉంది. పచ్చడి సీసా మూత తీయమని పిలిచింది. తీసి ఇచ్చాను.

సెప్టెంబర్ 5, శుక్రవారం

మూత తీసి ఇచ్చాను.

సెప్టెంబర్ 6, శనివారం

నిమజ్జనం. వీధిలో డప్పులు. అమ్మ బాల్కనీలోకి రాలేదు, పులిహోర చేస్తోంది. రోలు చప్పుడు వినిపిస్తోంది. రెండు దెబ్బలు, ఆగడం. రెండు దెబ్బలు, ఆగడం. నాన్న దంచినప్పుడు ఇలా ఆగేది కాదు.

నాన్న కూడా వింటున్నాడు. లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. ఓడిపోయినోడు వంటింట్లోకి ఏ ముఖంతో వెళ్తాడు అన్నట్టుంది.

మూత తీసి ఇచ్చాను.

సెప్టెంబర్ 9, మంగళవారం

పైన గోల మొదలైంది. పిల్లలందరూ కాదు, ఓ నలుగురు. తొమ్మిదో ఎక్కం. అన్నపూర్ణ గారు నోటితో చెబుతున్నారట, బోర్డు మీద హారతి రాస్తోందట.

అమ్మ సాయంత్రం వాళ్ళను చూసి రావడానికి పైకి వెళ్ళింది. నాన్న గుడికి వెళ్ళాడు. వీధి ఖాళీగా ఉంది, చూడటానికి ఏమీ లేదు.

రోలు అనుకున్నంత తేలిక కాదు. మిరియాలు ఎగిరిపోతాయి. ఒకటి కంటికి తగిలింది. కొన్ని దంచేసరికి మణికట్టు లాగింది. నా కీళ్ళకు ఏ జబ్బూ లేదు. ఈ సంగతి దగ్గర కాసేపు రోకలి పట్టుకుని నిలబడిపోయాను.

నాన్న ముందు వచ్చాడు. గుమ్మంలో వాసన పట్టాడు. "మీ అమ్మ పైననే ఉంది గద?"

గిన్నె ముందు పెట్టాను. ఒక గుక్క తాగాడు.

"మిరియం ఎంత వేసినవ్?"

"అందాజగా."

ఆ మాట విని శ్రీ విద్యాసాగర్ ముఖం ఎలా మారిందో వర్ణించడానికి తెలుగు చాలదు. "అందాజనా! నా సర్వీసుల ఇంత అన్యాయం చూడలే," అంటూ లేచాడు. షోకేసు వైపు వెళ్ళలేదు. నేరుగా వంటింట్లోకి వెళ్ళాడు. ఆరు రోజుల తర్వాత. లోపల ఏవో డబ్బాలు తెరుస్తున్న చప్పుడు. మూతలు తనే తీసుకుంటున్నాడు.

అమ్మ వచ్చేసరికి తండ్రీకొడుకులం స్టవ్ దగ్గర కొట్లాడుకుంటున్నాం. ఆగి చూసింది. హాల్లోకి వెళ్ళి కుర్చీలో కూర్చుని కాళ్ళు బల్ల మీద చాపింది.

అన్నాలు తిన్నాక నాన్న మాత్ర తనే తీసి అమ్మ చేతిలో పెట్టాడు. వెనకాలే మంచినీళ్ళు. తూచలేదు.

ఇక ముగించాలి. ఈ డైరీ మొదట్లో మిరియాలకు, శొంఠికి, తెల్లోళ్ళకు చెప్పిన క్షమాపణలన్నీ వాపసు తీసుకుంటున్నాను. వాళ్ళకు నేనేమీ చేయలేదు. ఎవరికీ ఏమీ చేయలేదు. ఈ మూడు నెలలు ఇన్ని పేజీల్లో ఇన్నిసార్లు రాసింది అక్షరాలా నిజం. చేసింది ఒక్కటే, అది ఇవాళ.

చారు పెట్టాను. ఉప్పు వేయడం మర్చిపోయాను. అమ్మ రెండోసారి వడ్డించుకుంది.